మూడు బుధవారాలు

మా నాన్న జన్మలో బస్సు నడిపి ఎరగడు. అయినా మా ఊళ్ళో బస్సులన్నీ ఆయన గీసిన గీత మీదే నడిచేవి. డిపోలో షెడ్యూళ్ళు రాసే గుమాస్తా ఆయన. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగి టీ తాగాలి, ఏ కండక్టరుకి ఏ రోజు సెలవు, అన్నీ ఆయన చార్టులోనే ఉండేవి. డిపోలో ఆయన్ని వెనకాల 'గడియారం' అనేవాళ్ళు. ఆ మాటకొస్తే ఎదురుగా కూడా అనేవాళ్ళు. ఆయనకది బిరుదు కిందే లెక్క.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, వానలు మొదలైన వారంలో, కాలేజీ నుంచి ఒక కాగితం పట్టుకొచ్చాను. పౌర భాగస్వామ్య సర్టిఫికెట్ అని కొత్తగా పెట్టారు. ఆ పేరు తిన్నగా పలకడానికే ఇంకో కోర్సు చదవాలి అనేది అమ్మ. డిగ్రీతో పాటే మూడు కోర్సులు చదవాలి. ఒకటి పాసైతేగానీ రెండోది ఇవ్వరు. మొదటిది నేను ఎండాకాలంలోనే పాసయ్యాను. బయట ఎక్కడైనా తొంభై గంటలు జనంతో కలిసి పనిచెయ్యాలి. చివర్లో వాళ్ళ సమస్య ఏదో ఒకటి తీసుకుని అధికారుల ముందు నిలబడి మాట్లాడాలి. ఇదంతా డిగ్రీ అయ్యేలోపు పూర్తి కావాలి. "ముందు ప్లాన్ రాసుకుని రా. అది చూశాకే నా సంతకం" అంది ఆ కోర్సులు చెప్పే మేడం. ఖాళీ గడులున్న కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

నేను రెండు రోజులు ఆ గడుల్లో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి కాగితాన్ని చిత్తు చేశాను. మూడో రోజు నాన్న చూశాడు.

"ఏంటమ్మా ఇది, కోడి కెలికినట్టు?"

చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. భోజనాల బల్ల మీద గిన్నెలన్నీ పక్కకి జరిపి, డిపో నుంచి తెచ్చుకున్న పెద్ద చార్టు పరిచాడు. స్కేలు తీశాడు. ఎర్ర పెన్సిలు కోర్సులకి, నీలం పెన్సిలు గంటలకి.

"అరవై బస్సులకి డ్యూటీలు వేసేవాణ్ణి, ఒక్క పిల్లకి వెయ్యలేనా? రెండో కోర్సు ఎప్పుడుంటుంది?"

"వానాకాలం టర్ములో మాత్రమేనట."

"అంటే అదే ఆఖరి బస్సు. అది తప్పితే ఏడాది ఆగాలి. ముందు దాన్ని పట్టుకుని, మిగతావి దాని చుట్టూ కట్టాలి." ఎర్రగీత గీశాడు. "తొంభై గంటలు. వారానికి ఐదు చొప్పున పద్దెనిమిది వారాలు. బుధవారం నీకు మధ్యాహ్నం దాకా క్లాసుల్లేవు. నాకు వీక్లీ ఆఫ్. స్కూటర్ మీద నేనే దింపుతాను."

ప్రతి పరీక్షకీ ముందు ఒక వారం ఖాళీ వదిలాడు. ఇదెందుకని అడిగితే, "బస్సుకైనా మనిషికైనా ఊపిరి పీల్చుకునే టైముండాలి" అన్నాడు.

అమ్మ కుట్టుమిషను ఆపి మా వైపు చూసింది. "అది వెళ్ళేది సేవకా, డ్యూటీకా? యూనిఫాం కూడా కుట్టమంటారా?"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ చార్టు మా గోడ మీదికెక్కింది. మా ఇంట్లో అంతకుముందెప్పుడూ నేను అంత గొప్పదాన్నని నాకు అనిపించలేదు. నాన్న ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ ఆ గోడ చూపించేవాడు.

మేడం సంతకం పెట్టింది. ఊరి చివర ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళ సంఘానికి నన్ను పంపింది. వాళ్ళ నుంచి మొదట్లోనే ఒక కబురొచ్చింది: బుధవారం వద్దు, గురువారం రమ్మనండి.

నాన్న రబ్బరు తీసి నీలంగీతలన్నీ చెరిపేశాడు. "వాళ్ళకి బుధవారం ఏం పనిట?" అన్నాడు చిరాగ్గా. ఆ ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగకుండా కొత్త గీతలు మొదలుపెట్టాడు. నేనూ పట్టించుకోలేదు.

లాండ్రీ అంటే నేనేదో ఇస్త్రీ కొట్టులాంటిది అనుకున్నాను. లోపలికి వెళ్తే ఎదురుగా మనిషి కనిపించనంత ఆవిరి. ఒక్కో దుప్పటికి ఇద్దరు, చెరో కొసా పట్టుకుని లాగి, దగ్గరికొచ్చి మడత కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళేవాళ్ళు. మాటలు మానకుండానే. వాళ్ళందరికీ పెద్ద, మడతల దగ్గర ఉండే పెద్దక్క. నన్ను ఎగాదిగా చూసి, "ఏం చేద్దామని వచ్చావు పాపా?" అంది.

"మీకు చదవడం, రాయడం నేర్పుదామని" అన్నాను. పలకలు కూడా కొన్నాను.

"మంచిదే. అక్షరాలు ఎక్కడికీ పోవు, తర్వాత నేర్చుకుంటాం. ముందు మా బస్సు సంగతి చూడు."

'మీరేం చెయ్యాలో ఇంట్లో నిర్ణయించుకుని వెళ్ళకండి, వెళ్ళి వాళ్ళని అడగండి' అని మేడం మొదటి క్లాసులోనే చెప్పింది. పరీక్షలో నేను ఆ వాక్యం రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పలకలు సంచిలోనే ఉంచి కూర్చున్నాను.

సంగతి ఇది. ఆరింటికి పని మొదలు. అయిదున్నరకి పాతబజారు నుంచి ఒక బస్సు ఉండేది. ఎండాకాలం చివర్లో దాన్ని తీసేశారు. తర్వాతి బస్సు ఆరూ ఇరవైకి. కాబట్టి నలభై మంది ఆడవాళ్ళు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని నాలుగు కిలోమీటర్లు వానలో నడిచి వస్తున్నారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే గేటు వేసేస్తారు, ఆ పూట పని పోయినట్టే. పెద్దక్క మోకాళ్ళకి గుడ్డలు చుట్టుకుని ఉంది.

"ఏ మహానుభావుడు తీశాడో గానీ, ఒక్కసారి వాడు మాతో నడవాలి" అంది ఇంకొకామె.

ఆ మహానుభావుడు పొద్దున్నే నన్ను స్కూటర్ మీద మలుపు దాకా దింపి డిపోకి వెళ్ళాడు. ఆ మాట దాచేసి, బస్సు టైములు కాగితం మీద రాసుకున్నాను.

ఆ సాయంత్రం ఏమీ ఎరగనట్టు అడిగాను. "నాన్నా, లాండ్రీ వైపు పొద్దుటి ట్రిప్పు ఎందుకు తీసేశావు?"

"ఖాళీగా తిరిగేదమ్మా. టికెట్ల పుస్తకం చూసి కాదు, నేనే స్వయంగా ఎక్కి చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఒక వాచ్‌మన్, ఒక పాలవాడు. అంతే." అన్నం కలుపుతూ చెయ్యి ఆపాడు. "నా కళ్ళతో చూసిన లెక్క అది. కుర్చీలో కూర్చుని రాసింది కాదు."

నిజమే. ఎండాకాలంలో ఆయన తన సెలవు రోజున తెల్లవారకముందే లేచి చొక్కా వేసుకుంటుంటే, "ఈ ఒక్క రోజైనా పడుకోరాదూ" అని అమ్మ సణిగింది. చార్టులు రాసేవాళ్ళు ఎవరూ అలా వెళ్ళి చూడరు. నాన్న చూస్తాడు. ఆయన అబద్ధం ఆడడు. పెద్దక్కా ఆడదు. ఒకరు నలభై అంటున్నారు, ఒకరు ఇద్దరంటున్నారు. నాకు ఏం పాలుపోలేదు.

వానలు మొదలైన నాలుగో నెలలో తేలింది. బస్సు కోసం వాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న అర్జీకి డిపో నుంచి జవాబొచ్చింది. పెద్దక్క నాతో చదివించింది. 'మూడు తేదీల్లో తనిఖీ చేయగా ప్రయాణికులు సగటున ఇద్దరు' అని ఉంది. కింద లెక్క కాగితం నకలు జతచేశారు. మధ్యలో అడ్డగీత ఉన్న ఏడు అంకె. ఆ ఏడు మా ఇంటి గోడ మీద చార్టులో పదిచోట్ల ఉంది.

"ఏ తేదీలు?" అంది పెద్దక్క. చెప్పాను. గోడ మీది క్యాలెండరు దగ్గరికెళ్ళి కాగితాలు వెనక్కి తిప్పి, వేలుతో వెతికింది. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మూడూ బుధవారాలే! బుధవారం బాయిలర్ కడుగుతారు, మనకి సెలవు. ఎవడోగానీ మనం లేని రోజు చూసి వచ్చి, మనం లేమని రాసుకుపోయాడే!"

ఆవిరిలో నలుమూలల నుంచీ నవ్వులు. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

డిపోలో నాన్న లేకపోతే రోజు గడవదు కాబట్టి పని దినాల్లో బయటికి వదలరు. అందుకని తన సెలవులు పోగొట్టుకుని వెళ్ళాడు. ఆయన సెలవు బుధవారం. వాళ్ళ సెలవూ బుధవారమే. ఇంత జాగ్రత్త పడకుండా టికెట్ల పుస్తకం చూసి ఊరుకునే మనిషై ఉంటే ఈ పొరపాటు జరిగేదే కాదు.

మేడంకి చెప్పాను, ఎవరి లెక్కో మాత్రం చెప్పలేదు. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. నెలాఖరున పురపాలక సంఘం హాల్లో బస్సుల మీద ప్రజా విచారణ ఉంది, పెద్ద అధికారి వస్తున్నాడు. "నీ ప్లాన్‌లో చివరి గడి ఇదే. నువ్వే మాట్లాడు" అంది. అది కూడా బుధవారమే. రెండు రోజుల విచారణలో, ఆడవాళ్ళంతా రావడానికి వీలని ఆ తేదీకి పట్టుబట్టింది నేనే.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పేశాను. ఆవిడ కుట్టుమిషను ఆపి దారం తెంపింది.

"ముందు ఆయనకి చెప్పు."

"చెప్తే ఊరుకుంటాడా?"

"ఊరుకుంటాడో, అరుస్తాడో, అది ఆయనిష్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ఇంట్లో నోరు మూసుకుని ఊళ్ళో తెరుస్తానంటే ఎలా?"

చెబుదామనే అనుకున్నాను. పది రోజులు అనుకున్నాను. ఆయన రాగానే గోడ దగ్గర నిలబడి, "ఎన్ని గంటలయ్యాయి? ఎనభై రెండా? భేష్, టైమ్ మీదే ఉన్నాం" అనేవాడు. కక్కలేక మింగలేక నేను తలూపేదాన్ని. ఒక రోజు, "నువ్వు మాట్లాడబోయేది నాకోసారి వినిపించు" అన్నాడు. "నీకెందుకు నాన్నా, అంతా లాండ్రీ గొడవే" అన్నాను. ఆయన ఎప్పుడూ సభలకీ సమావేశాలకీ వెళ్ళిన మనిషి కాదు. పేర్లు చెప్పకుండా మాట్లాడితే బస్సు తిరిగొస్తుంది, ఆయనకి తెలిసేసరికి గొడవ సద్దుమణుగుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ బుధవారం హాలు నిండా తడిసిన గొడుగులు. ముందు వరసలో అధికారులు, ఆ వెనక మూడు వరసల్లో లాండ్రీ ఆడవాళ్ళు, తలల నిండా నూనె రాసుకుని, గట్టిగా జడలేసుకుని వచ్చారు. నన్ను పిలిచారు. మైకు దగ్గరికెళ్ళి తలెత్తితే, చిట్టచివరి వరసలో నాన్న. ఇస్త్రీ చొక్కా. పక్కన అమ్మ, తల వంచుకుని. ఆయన నన్ను చూసి, నవ్వు ఆపుకోలేక మీసం సవరించుకున్నాడు.

ఆయన వచ్చింది నన్ను చూసి మురిసిపోవడానికి.

చదివాను. నాలుగు కిలోమీటర్లు, మూసిన గేటు, మోకాళ్ళు. చదవడం మొదలుపెట్టాక ఆగడం నా చేతిలో లేదు. "తనిఖీ మూడుసార్లు జరిగింది సార్. మూడూ బుధవారాలు. బుధవారం లాండ్రీకి సెలవు" అని ముగించాను. చివరి వరస వైపు చూడలేదు.

అధికారి నకలు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదెవరు తీసిన లెక్క? సంతకం అర్థం కావట్లేదు. నీకేమైనా తెలుసా అమ్మా?"

"తెలీదు సార్" అన్నాను.

వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది.

"నాది సార్ ఆ లెక్క." నాన్న గొంతు మామూలుగానే ఉంది. "డిపోలో షెడ్యూళ్ళు రాసేది నేనే. నా వీక్లీ ఆఫ్ బుధవారం, అందుకని బుధవారాలే వెళ్ళాను. వాళ్ళకీ అదే సెలవని నాకు తెలీదు. అడగాల్సింది, అడగలేదు. ఆ ట్రిప్పు మళ్ళీ వెయ్యాలి సార్."

కూర్చున్నాడు. అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకరిని పిలిచారు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది, ట్రిప్పు మళ్ళీ వేస్తున్నట్టు. నాన్నకీ ఒక ఉత్తర్వు వచ్చింది. చార్టుల గదిలోంచి తీసి, బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువులు తిరిగిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. వానాకాలం కదా, అన్నీ గొడుగులే. ఆయన వాటికి చీటీలు కట్టి వరసగా పెట్టుకునేవాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. 'తిన్నావా', 'గొడుగు తీసుకెళ్ళు' అనేవాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడేవాడు. గోడ మీది చార్టు వైపు మాత్రం చూడలేదు. మిగిలిన ఎనిమిది గంటలకి గీతలు నేనే గీసుకున్నాను. స్కేలు పెట్టినా వంకరే వచ్చాయి. ఆ గొడవల్లో చదవక రెండో కోర్సు తప్పాను, ఆఖరి బస్సు పోయింది. సర్టిఫికెట్ మరుసటేడు వచ్చింది. అది ఇప్పుడెక్కడుందో కూడా నాకు తెలియదు.

బస్సు తిరిగొచ్చే రోజు గురువారం. నేను లేచేసరికే నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు. "పద" అన్నాడు. పాతబజారు దాకా నడిచాం. ఆ రోజు వాన తెరిపిచ్చింది. స్టాపు దగ్గర ఇంకా ఎవరూ రాలేదు.

"నాన్నా, నా వల్ల నీ ఉద్యోగం..."

"ఉద్యోగానికేమైంది? కిటికీ దగ్గర హాయిగా ఉంది. తప్పు నాది, సరిదిద్దింది నా కూతురు. దానికి నేనెందుకు బాధపడతాను? నువ్వు చెప్పకపోతే ఆ బస్సు ఖాళీదనే అనుకుంటూ రిటైరయ్యేవాణ్ణి." రోడ్డు వైపు చూస్తూ ఆగాడు. "ఇంట్లో నాకు చెప్పలేకపోయావు. సరే, భయం. కానీ ఆయన 'తెలుసా' అని అడిగితే, అంతమందిలో 'తెలీదు' అన్నావు చూడు. నన్ను కాపాడ్డానికే అన్నావు, నాకు తెలుసమ్మా. అయినా ఇక్కడ గుచ్చుకుంది."

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన జేబురుమాలు ఇచ్చి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

ఇంతలో ఇద్దరు, నలుగురు, పది మంది, చూస్తుండగానే స్టాపు నిండిపోయింది. పెద్దక్క వచ్చి నాన్నని చూసి ఆగిపోయింది.

"నువ్వు ఆ బుధవారాల ఆయనవి కదూ?" అంది. అందరూ ఇటు తిరిగారు. ఆవిడ నా వైపు చూసింది. "ఈయన నీకు తెలుసా పాపా?"

"మా నాన్న" అన్నాను. వెనక ఉన్నవాళ్ళకి వినపడిందో లేదోనని మళ్ళీ గట్టిగా అన్నాను. "మా నాన్న."

పెద్దక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఆ రోజు తెలీదన్నావేం?"

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "చిన్నపిల్ల కదమ్మా. అంతమందిని చూసి కంగారుపడింది."

బస్సు వచ్చింది. తోసుకుంటూ, అరుచుకుంటూ, నవ్వుకుంటూ అందరూ ఎక్కారు. మేం ఎక్కేసరికి ఒక్క సీటూ మిగల్లేదు. ఎవరో లేచి, "కూర్చో బాబాయ్" అన్నారు. నాన్న వద్దన్నాడు. ఒక చేత్తో పైకడ్డీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, లాండ్రీ గేటు దాకా నిలబడే వచ్చాడు.